మొదటి కాటు

"మా కుక్క ఏమీ చెయ్యదండీ" అనే మాట వినని మనిషి మన పట్టణాల్లో ఉండడు. గేటు అవతల నిలబడినవాడి భయాన్ని గేటు ఇవతల నిలబడినవాడు తన అనుభవంతో కొట్టిపారేసే మాట ఇది. ఆ మాటలో ఒక తర్కం ఉన్నది, ఒక నీతి ఉన్నది, వాటి వెనక ఒక వర్గపు అలవాటు కూడా ఉన్నది. వాటిని విప్పి చూడటమే ఈ వ్యాసం ఉద్దేశం.

కుక్కకాటు వంటి స్వల్ప విషయానికి విమర్శ పత్రికలో ఇన్ని పేజీలెందుకని కొందరు అడగవచ్చు. ఆస్తి అంటే ఏమిటి? ఆస్తి వల్ల ఇతరులకు కలిగే హానిని ఎవరు భరించాలి? తెలియక జరిగినదానికి మనిషి ఎంతవరకు జవాబుదారీ? ఈ ప్రశ్నలు పెద్ద గ్రంథాల్లోనే ఎదురవుతాయనుకోవటం పొరపాటు. నాకు మా ఇంటి గేటు దగ్గర ఎదురైనాయి.

పాల్వంచ నుంచి భద్రాచలం వెళ్ళే దారిలో ఒక చిన్న ఊళ్ళో అద్దె ఇంట్లో ఉంటున్నాను. ఊరు దాటితే అడవి మొదలవుతుంది. మా ఇంట్లో టామీ అనే కుక్క ఉన్నది. కిందటి వేసవిలో, తునికాకు కల్లాలు తెరవటానికి రెండు రోజుల ముందు, ఒక కోయ స్త్రీ అడ్డాకు విస్తళ్ళ కట్ట నెత్తిన పెట్టుకొని మా గేటు తీసుకొని లోపలికి వచ్చింది. నేను లోపల కూర్చొని పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. టామీ మొరిగింది. కోతి వచ్చిందనుకున్నాను. తర్వాత మనిషి కేక వినిపించింది. దిద్దుతున్న జవాబులో ఒక పంక్తి మిగిలి ఉంటే అది పూర్తి చేసి లేచాను. ఇది చెప్పుకోవటానికి సిగ్గుగా ఉన్నది గాని, చెప్పకపోతే ఈ వ్యాసానికి అర్థం లేదు. బయటికి వచ్చేసరికి టామీ ఆమె పిక్క పట్టుకొని ఉన్నది.

విడిపించాను. చెప్పుతో టామీని నాలుగు కొట్టాను. ఆ వెంటనే నా నోటి నుంచి రెండు మాటలు వచ్చాయి. మొదటిది: "ఇది ఇదివరకు ఎవర్నీ కరవలేదమ్మా." రెండవది: "చెప్పకుండా గేటు తీసుకొని ఎందుకొచ్చావు?" ఆమె కాలు పట్టుకొని కూర్చొని, "మీరే గదా సారూ, పాప పుట్టినరోజుకి విస్తళ్ళు తెమ్మన్నరు" అన్నది.

నిజమే. నేనే తెమ్మన్నాను.

గాయాన్ని సబ్బుతో చాలాసేపు కడిగించి, రెండువందల రూపాయలు చేతిలో పెట్టి, ఆసుపత్రికి వెళ్ళమని ఆటో ఎక్కించాను. ఇంతకంటే ఏం చెయ్యాలి అని ఆ సాయంత్రం నన్ను నేను సమాధానపరచుకున్నాను. అప్పుడే, నేనన్న ఆ రెండు మాటలూ ఎక్కడో చదివినట్టు తోచి, న్యాయవాదిగా ఉన్న ఒక మిత్రుణ్ణి అడిగాను. ఆయన నవ్వి, "నువ్వు లా చదవకుండానే ఇంగ్లీషువాళ్ళ లా అంతా చెప్పేశావు" అన్నాడు.

ఆయన వివరించిన సంగతి ఇది. ఇంగ్లండు న్యాయస్థానాలు జంతువులను రెండు రకాలుగా విభజించాయి. పులి, ఎలుగు వంటివి స్వభావం చేత ప్రమాదకరమైనవి. వాటిని ఉంచుకున్నవాడు ఏం జరిగినా బాధ్యుడే. కుక్క, ఎద్దు వంటివి సాధువులు. వాటి యజమానికి ఆ ఫలానా జంతువు దుష్టస్వభావం ముందుగా తెలిసి ఉన్నదని రుజువైతేనే అతడు బాధ్యుడు. తెలియటం ఎలా? సాధారణంగా అది ఒకసారి కరిచి ఉండాలి. అందుకే ప్రతి కుక్కకూ మొదటి కాటు ఉచితమనే సామెత అక్కడ పుట్టింది. ఇంగ్లండు తన పాత సూత్రాన్ని 1971 చట్టంతో మార్చుకున్నది. మన దేశంలో ఇలాంటి నష్టపరిహార ధర్మం ఒక స్మృతిగా రాయబడలేదు. కోర్టులు ఆ పాత సూత్రాలనే చాలావరకు ఆధారం చేసుకుంటూ వచ్చాయి.

నేరచట్టం సంగతి వేరు. 1860 నాటి శిక్షాస్మృతిలో 289వ సెక్షను ఉండేది. తన అధీనంలో ఉన్న జంతువు వల్ల మనిషి ప్రాణానికో, తీవ్రమైన గాయానికో అవకాశం ఉన్నప్పుడు, తెలిసిగాని అశ్రద్ధవల్లగాని తగిన జాగ్రత్త తీసుకోనివాడికి ఆరు నెలల వరకు కైదు, వెయ్యి రూపాయల వరకు జరిమానా. 1860లో వెయ్యి రూపాయలంటే ఒక ఆస్తి. ఆ వెయ్యి 2024 జూన్ దాకా వెయ్యిగానే ఉండిపోయింది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 291వ సెక్షను అయింది. కైదు అదే ఆరు నెలలు, జరిమానా ఐదువేలకు పెరిగింది. ఈ సెక్షనులో అశ్రద్ధ అనే మాట ఉండటం మంచిదే. కాని ఆ మాట వెంట మరో మాట ఉన్నది: ప్రమాదం సంభవించే అవకాశం. ఆ అవకాశం ఎవరి కళ్ళతో చూడాలి? "ఏమీ చెయ్యదండీ" అనే యజమాని కళ్ళతోనా, గేటు బయట నిలబడ్డవాడి కళ్ళతోనా?

మా గేటుకు ఒక బోర్డు ఉండేది. "కుక్క ఉన్నది, జాగ్రత్త." నేను తెలుగు పాఠాలు చెప్పేవాణ్ణి గనక అక్షరాలు అందంగా రాయించాను. ఆ బోర్డు గురించి ఆలోచించండి. కుక్క ఏమీ చెయ్యదని నేను నిజంగా నమ్మితే బోర్డు ఎందుకు? ప్రమాదం ఉన్నదని తెలిసే పెట్టాను. అంటే తెలియదనే వాదానికి నా చేతులతో నేనే నీళ్ళు వదులుకున్నాను. పైగా ఆ బోర్డు చేసే పని మరొకటి ఉన్నది. జాగ్రత్తపడవలసిన విధిని అది నా దగ్గర నుంచి తీసి వచ్చేవారి నెత్తిన పెడుతుంది. నెత్తిన అప్పటికే విస్తళ్ళ కట్ట ఉన్న మనిషికి, చదువు నేర్పని సమాజంలో పెరిగిన మనిషికి, నేను చదువు చూపించి నా బాధ్యత తీర్చుకున్నాను!

ఇక మొదటి కాటు సంగతి. అది ఉచితం అన్నప్పుడు ఎవరికి ఉచితం అని అడగాలి. ఈ లోకంలో ఉచితంగా జరిగే నష్టం లేదు. యజమాని చెల్లించకపోతే మరొకరు చెల్లిస్తున్నారన్నమాట. ఆ మరొకరు ఎవరు? యజమాని బంధువులు, స్నేహితులు వస్తే కుక్కను కట్టేస్తారు. వాళ్ళు వచ్చే సమయం ముందే తెలుస్తుంది. పిలవకుండా, లేదా పని మీద పిలిస్తే, గేటు దగ్గరికి వచ్చేవాళ్ళు వేరు: పాలవాడు, పేపరు వేసే కుర్రవాడు, ఉత్తరాలు తెచ్చే మనిషి, చెత్త తీసే స్త్రీ, మీటరు చూసేవాడు, అంగన్‌వాడీ కార్యకర్త, పుల్లలమ్మే కోయపిల్ల. కుక్క స్వభావం ఎలాంటిదో యజమానికి తెలియజేసే ప్రయోగం ఎప్పుడూ వీళ్ళ కండ మీదనే జరుగుతుంది.

ఇది అడవి అంచున మాత్రమే జరిగేది కాదు. 2023 జనవరిలో హైదరాబాదు బంజారాహిల్స్‌లో, ఆహారం అందించటానికి ఒక అపార్ట్‌మెంటు మూడో అంతస్తుకు వెళ్ళిన ఇరవై మూడేళ్ళ యువకుడి మీదికి ఆ ఇంటి పెంపుడు కుక్క దూసుకొచ్చింది. తప్పించుకోబోయి అతడు కిందపడ్డాడు. కొద్ది రోజులకు ఆసుపత్రిలో చనిపోయాడు. యజమాని మీద పోలీసులు కేసు పెట్టారు. ఈ ఘటనలో అతని ప్రాణం తీసినది కాటు కాదు, భయం. యజమానికి ఆటగా కనిపించే దూకుడు వచ్చినవాడికి మరణభయం కావచ్చు. ఆ భయం కూడా యజమాని ఆస్తి నుంచి పుట్టినదే గనక, దాని లెక్క కూడా అతని ఖాతాలోనే పడాలి.

"తెలియనిదానికి బాధ్యత ఏమిటి? కుక్క యంత్రమా, అదీ ఒక ప్రాణి గదా. అన్నీ ముందుగా ఎవరు ఊహించగలరు?" అని మా కాలేజీలో ఒక సహోద్యోగి అడిగారు. ఇది తీసివెయ్యదగిన ప్రశ్న కాదు. దోషం లేని చోట దండన ఉండరాదన్నది నాగరిక న్యాయానికి పునాది. కాని దండన వేరు, నష్టం తీర్చటం వేరు. ఫ్యాక్టరీలో కార్మికుడి చెయ్యి తెగితే యజమాని తప్పు రుజువైనా కాకపోయినా పరిహారం ఇవ్వాలన్న సూత్రాన్ని మన దేశం 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టంలోనే ఒప్పుకున్నది. భోపాల్ ఘోరం జరిగిన రెండేళ్ళకు, 1986 డిసెంబరులో, ఢిల్లీ విషవాయువు కేసులో సుప్రీంకోర్టు మరో అడుగు వేసింది. ప్రమాదకరమైన పరిశ్రమను లాభం కోసం నడిపేవాడు ఏ మినహాయింపూ లేకుండా నష్టానికి బాధ్యుడన్నది. దీని వెనకనున్న నీతి సులభమైనది. మేలు ఎవరు అనుభవిస్తున్నారో, కీడు కూడా వారే భరించాలి. టామీ వల్ల నాకు నిద్ర పడుతుంది, మా పాపకు ఆట దొరుకుతుంది. ఆ సుఖం నాది అయినప్పుడు దాని పళ్ళు మాత్రం విధివిలాసం ఎలా అవుతాయి?

మన ప్రాచీనులు ఈ విషయం ఏమన్నారని వెతికాను. వ్యవహార పదాలు పద్దెనిమిదింటిలో స్వామిపాల వివాదం ఒకటి, అంటే పశువు యజమానికీ కాపరికీ మధ్య తగాదా. అంతకంటే విలువైన మాట యాజ్ఞవల్క్య స్మృతిలో ఉన్నది. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షరను పదమూడో శతాబ్దంలో కేతన తెలుగు చేశాడని సాహిత్య విద్యార్థులకు తెలుసు. కోరలూ కొమ్ములూ ఉన్న జంతువు మనిషిని హింసిస్తుంటే, శక్తి ఉండి కూడా విడిపించని యజమానికి మొదటి తరగతి దండన విధించాలని, బాధితుడు కేక పెట్టిన తర్వాత కూడా కదలకపోతే అది రెట్టింపు కావాలని స్మృతికారుడు అన్నాడు. అర్థశాస్త్రంలో కూడా ఇదే నియమం ఉన్నది. ఈ రెండు మాటలూ చదివి నేను చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. శక్తి ఉన్నవాడు, కేక విన్నవాడు. ఇక్కడ బాధ్యతకు కొలత కుక్క పూర్వచరిత్ర కాదు, యజమాని సామర్థ్యం, అతని చెవి. నేను పూర్తి చేసిన ఆ ఒక్క పంక్తికి రెట్టింపు దండన!

అయితే ఈ స్మృతులను నెత్తిన పెట్టుకోవలసిన పని లేదు. దండనను కులాన్ని బట్టి తూచిన చేతులే ఇవి కూడా రాశాయి. కుక్కలూ గాడిదలే చండాలుల ధనం అని మనువు శాసించాడు. కుక్కను ఉంచుకోవటం ఆనాడు అంటరానితనానికి గుర్తు. ఈనాడు జాతి కుక్కను ఉంచుకోవటం అంతస్తుకు గుర్తు. జంతువు అదే, పళ్ళు అవే. మారినది ఎవరి చేతిలో గొలుసు ఉన్నదనేదే. ఒకనాడు కుక్క వెంట ఉన్నందుకు మనిషిని ఊరి బయట ఉంచారు. నేడు ఊరి బయటి మనిషిని గేటు బయట ఉంచటానికి కుక్కను పెంచుతున్నారు. ఈ చరిత్ర తెలియకుండా "జంతుప్రేమ" అనే మాటను యథాతథంగా స్వీకరించటం విమర్శకుల లక్షణం కాదు.

మన సామెతకూడా యజమానిని వదిలేసింది. కుక్కకాటుకు చెప్పుదెబ్బ అంటాం. కాటు కుక్కది, దెబ్బ కుక్కకు. మధ్యలో యజమాని ఎక్కడా లేడు. మధ్యయుగపు యూరపులో పందులను కోర్టుకెక్కించి ఉరితీశారని చదివి నవ్వుకుంటాం గాని, చెప్పు తీసుకొని టామీని కొట్టిన నేను అదే విచారణ జరిపాను. నేరబుద్ధి అనేది లేని ప్రాణిని శిక్షించి, నన్ను నిర్దోషిగా విడుదల చేసుకున్నాను. నన్నయ భారతంలో సరమ తన పిల్లను నిష్కారణంగా కొట్టినవారిని నిలదీస్తుంది. టామీకి మాట వస్తే అదీ నిలదీసి ఉండేది. దానికి గొలుసు కట్టనిది నేను, తలుపు తెరిచి ఉంచినది నేను, విస్తళ్ళు తెమ్మన్నది నేను.

ఇక ఆ స్త్రీ విషయానికి వస్తాను. కుక్కకాటు టీకా నేడు పూర్వంలా బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు కాదు. ఆ పాత టీకాను మన దేశంలో మానేసి ఇరవై ఏళ్ళయింది. ఇప్పుడు చర్మంలో ఇచ్చే సూది. కరిచిన రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు వెయ్యాలి. గాయం లోతైతే దాని చుట్టూ సీరం కూడా ఎక్కించాలి. రేబిస్ లక్షణాలు బయటపడిన తర్వాత బతకటం దాదాపు అసాధ్యం గనక ఒక్క సూది కూడా వదలరాదు. మనుషులకు వచ్చే రేబిస్‌లో నూటికి తొంభై తొమ్మిది వంతులు కుక్కల ద్వారానే వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటున్నది.

మూడో రోజు ఆమె ఆసుపత్రికి రాలేదని తెలిసింది. ఆమె గూడెం నుంచి మా కాలేజీకి వచ్చే విద్యార్థిని వెంటబెట్టుకొని వెళ్ళాను. అప్పటికి కల్లం తెరిచారు. యాభై ఆకుల కట్టకు ఇంతని లెక్క. ఏడాదిలో నాలుగు డబ్బులు చేతికొచ్చే రోజులు అవే, అవీ కొద్దిరోజులే. వాపెక్కిన కాలితో ఆమె ఆకు కట్టలు కడుతున్నది. టీకా ఉచితమే గదా, ఎందుకు రాలేదని నేను కొంచెం కోపంగానే అడిగాను. "సూదికి పైసలు అడగలేదు సారూ. రోజుకు ఎవరిస్తరు?" అన్నది.

ఈ ఒక్క ప్రశ్న ముందు నా న్యాయశాస్త్ర పరిచయమంతా వెలవెలబోయింది. మొదటి కాటు ఉచితం, సూది ఉచితం. ఉచితం కానిది ఆమె రోజు ఒక్కటే. అలాంటి రోజులు నాలుగు.

ఆ గూడెంలోకి అడుగు పెట్టినప్పుడు జరిగిన మరో సంగతి ఈ విచారణకు ముఖ్యం. ఐదారు కుక్కలు ఒక్కసారిగా మా మీదికి వచ్చాయి. ఒక ముసలాయన గుడిసెలోంచి కేక వేసి, కర్ర పట్టుకొని వచ్చి, మేము ఆమె ఇల్లు చేరేదాకా మా ముందు నడిచాడు. తిరిగి వచ్చేటప్పుడు కూడా ఊరి చివరి దాకా వచ్చాడు. "ఆ కుక్కలు ఎవరివి తాతా?" అని అడిగితే "ఊరివి" అన్నాడు. అవి రాత్రి పోడు చేను దగ్గర పందులను తరుముతాయి, ఎలుగు వస్తే ముందే చెబుతాయి, విత్తనాల పండుగనాడు వేటకు వెంట వెళతాయి. గంజి ఏ ఇంట్లో మిగిలితే ఆ ఇంట్లో తాగుతాయి. అక్కడ బోర్డు లేదు. కొత్త మనిషి వచ్చాడంటే పెద్దమనిషి ఒకడు ముందు నడుస్తాడు. స్మృతికారుడు కేక వినపడ్డాక లెమ్మన్నాడు. ఈ ముసలాయన కేక పుట్టకముందే లేచాడు.

గిరిజన జీవితాన్ని స్వర్గంగా వర్ణించే అలవాటు మన రచయితలకు ఉన్నది. నేను ఆ పని చెయ్యబోవటం లేదు. ఆ కుక్కలకు టీకాలు లేవు. రేపు వాటిలో ఒకటి పిచ్చెక్కి పసిపిల్లను కరిస్తే, "ఊరివి" అనే జవాబు ఆ తల్లికి ఏ విధంగానూ సాయపడదు. అప్పుడు చట్టం "అధీనంలో ఉన్నది" అన్న మాట పట్టుకొని, గంజి పోసిన ఏ ముసలిదాన్నో యజమానిగా తేల్చిందనుకోండి. ఐదువేల జరిమానా నాకు ఒక చికాకు, ఆమెకు ఒక సర్వనాశనం. అడవి హక్కుల కోసం, పోడు పట్టాల కోసం తరాలుగా కచేరీల చుట్టూ తిరిగిన జనానికి మరో కేసు తగిలించటం న్యాయమనిపించుకోదు. అక్షరాలు అందరికీ సమానంగా ఉన్న చట్టం బరువులో ఎంత అసమానంగా ఉంటుందో ఇక్కడ తెలుస్తుంది. ఇందుకే స్మృతిలోని "శక్తుడు" అన్న మాటను మనం వదులుకోరాదు. కట్టెయ్యగలిగి కట్టనివాడు, టీకా వేయించగలిగి వేయించనివాడు, గోడా గేటూ ఉండి గడియ పెట్టనివాడు పూర్తి బాధ్యుడు. ఏ శక్తీ లేనివాడి కుక్కకు టీకా వేయించే బాధ్యత సర్కారుది.

వీధికుక్కల విషయంలో ఈ దారి కొంతవరకు తెరుచుకున్నది. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాలు కుక్కలకు సంతాన నిరోధక శస్త్రచికిత్స, టీకా స్థానిక సంస్థల విధి అన్నాయి. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేళ్ళ పసివాణ్ణి వీధికుక్కలు చంపినప్పుడు ఆ విధి ఎంత నెరవేరుతున్నదో లోకానికి తెలిసింది. ఆ పసివాడి తండ్రి కాపలా ఉద్యోగి అన్న సంగతి కూడా మరవరాదు. అదే ఏడాది నవంబరులో పంజాబ్, హర్యానా హైకోర్టు ఒక తీర్పు చెప్పింది. కుక్క పంటి గాటు ఒక్కొక్కదానికి కనీసం పదివేలు, కండ ఊడితే 0.2 సెంటీమీటరుకు కనీసం ఇరవైవేలు పరిహారం ఇవ్వాలన్నది. పంటిగాట్లు లెక్కపెట్టే పద్ధతి వింతగా కనిపించవచ్చు. బంజారాహిల్స్ యువకుడి భయానికి అందులో లెక్క లేదు. కాని ఆ తీర్పులో విలువైన సూత్రం ఒకటున్నది. మొదట ప్రభుత్వం చెల్లించాలి. తర్వాత తప్పు చేసిన సంస్థ నుంచో వ్యక్తి నుంచో రాబట్టుకోవాలి.

ఈ సూత్రం మన రాష్ట్రాల్లో చట్టం కావాలని నేను కోరుతున్నాను. దెబ్బ తిన్నవాడు యజమాని ఎవరో వెతుక్కోనక్కరలేదు, కుక్క పూర్వచరిత్ర రుజువు చెయ్యనక్కరలేదు. పరిహారంలో సూది ఖర్చుతోపాటు పోయిన రోజుల కూలి కూడా ఉండాలి. యజమాని నుంచి రాబట్టేటప్పుడు అతని శక్తిని బట్టి రాబట్టాలి. అప్పుడు నాలాంటివాడు తప్పించుకోలేడు, గంజి పోసిన ముసలిదీ నాశనం కాదు.

ఆమెకు నాలుగు సూదులూ పూర్తయినాయి. రెండోది ఒక రోజు ఆలస్యంగా పడింది. మిగిలిన రోజుల్లో నేనే బండి మీద తీసుకెళ్ళాను, నాలుగు రోజుల కూలీ ఇచ్చాను. ఇది విని ఒక మిత్రుడు నన్ను మెచ్చుకున్నాడు. ఆ మెచ్చుకోలులోనే అసలు దోషం ఉన్నది. ఆ డబ్బు నా మనస్సాక్షి మేలుకున్నందువల్ల ఆమెకు అందింది. అది మేలుకోకపోతే? మా కాలేజీ విద్యార్థి ఆ గూడెంవాడు కాకపోతే? ఒకరి మంచితనం మీద ఆధారపడినది హక్కు కాదు, దయ మాత్రమే. దయ చేసేవాణ్ణి పెద్దవాణ్ణి చేస్తుంది. ఆమె మాత్రం గేటు బయటే నిలబడి ఉంటుంది.

బోర్డు తీసేశాను. గేటుకు లోపలి నుంచి గడియ, బయట ఒక గంట పెట్టించాను. టామీకి ఏటా టీకా వేయిస్తున్నాను. ఇవి చిన్న పనులే. ఇవి చెయ్యటానికి విప్లవం రానక్కరలేదు. కాని తన గేటు దగ్గర చెయ్యవలసిన న్యాయాన్ని వాయిదా వేసి లోకానికి న్యాయం చెబుతున్న ఉపాధ్యాయులూ విద్యార్థులూ మనలో ఎందరు లేరు? నేనూ వారిలో ఒకణ్ణే. "మా కుక్క ఏమీ చెయ్యదండీ" అని ఈసారి మన నోటికి వచ్చినప్పుడు, ఆ మాట ఎవరి కాలిని పణంగా పెట్టి అంటున్నామో ఒక్క క్షణం ఆలోచిద్దాం. ఆ కేక వినిపించిన తర్వాత చేతిలో ఉన్న పంక్తి పూర్తి చెయ్యకుండా లేవటం నేర్చుకుందాం.